మిషన్ బహుమతి, మనిషి గంట

జూపాడు బంగ్లా చుట్టుపక్కల పత్తి తీతకు పోయే కూలీలను కిలోకు ఎంత తీసుకుంటారని అడిగితే, ముందు చేను ఎట్లా ఉందో చెప్పమంటారు. చేను తెల్లగా విచ్చుకున్నప్పుడు ఒక రేటు, చివరి తీతకు ఇంకో రేటు. చివరి తీతలో కాయ పల్చబడిపోతుంది, పొద్దుగూకేదాకా తీసినా సంచి నిండదు. కిలో రేటు పెంచకపోతే ఎవరూ చేలోకి దిగరు. మాట్లాడుకునేది కిలోల్లోనే అయినా మనసులో కట్టుకునే లెక్క మాత్రం ఒక్కటే: ఈ చేలో దిగితే సాయంత్రానికి చేతికి ఎంత వస్తుంది?

ఆన్‌లైన్ అంతరిక్ష ఆటలు తయారుచేసే కంపెనీలు ఇరవై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నది ఈ లెక్కతోనే. ఆటలో ఒక మిషన్‌కు ఎంత బహుమతి పెట్టాలి? తక్కువ పెడితే ఎవరూ ముట్టుకోరు. ఎక్కువ పెడితే అందరూ అదొక్కటే చేస్తూ కూర్చుంటారు, మిగతా ఆటంతా బీడు పడుతుంది. పైగా ఇచ్చేది ఆటలోని డబ్బే అయినా, ఆడేవాడు పెట్టేది నిజమైన కాలం. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా రాత్రి ఒంటి గంటకు వెలుగుతున్న స్క్రీన్ వెనక ఈ లెక్క నడుస్తూ ఉండవచ్చు. అందుకే దాన్ని నిదానంగా విప్పి చూడటం అవసరం.

ముందు ఈ ఆటల స్వరూపం. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లోని సీసీపీ అనే కంపెనీ 2003 మే నెలలో 'ఈవ్ ఆన్‌లైన్' అనే ఆటను విడుదల చేసింది. వేలమంది ఒకే విశ్వంలో ఓడలు నడుపుతారు, గనులు తవ్వుతారు, వ్యాపారం చేస్తారు, యుద్ధాలు చేసుకుంటారు. ఆటలోని కరెన్సీ పేరు ఇస్క్. అంతరిక్ష స్టేషన్లలో ఏజెంట్లు ఉంటారు. వాళ్లు 'ఫలానా చోట దొంగల గుంపు ఉంది, తుడిచిపెట్టి రా', 'ఈ సరుకు ఫలానా స్టేషన్‌కు చేర్చు' అని పని అప్పగిస్తారు. అదే మిషన్. పని ముగించి వస్తే కొంత ఇస్క్, చెప్పిన గడువులో వస్తే దానిపై బోనస్, చంపిన శత్రువు ఓడకు బౌంటీ, వీటితోపాటు లాయల్టీ పాయింట్లు. రెండో పెద్ద ఆట 'ఎలీట్ డేంజరస్'. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జికి చెందిన ఫ్రాంటియర్ కంపెనీ 2014 డిసెంబరులో తెచ్చింది. మన పాలపుంతనే, 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలతో, అసలు కొలతలకు తగ్గట్టు కట్టారు. అందులో కరెన్సీ క్రెడిట్లు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఏజెంట్ రెండు మిషన్లు చూపించాడనుకుందాం. మొదటిదానికి 10 లక్షలు, రెండోదానికి 6 లక్షలు. కొత్త ఆటగాడి చెయ్యి మొదటిదాని మీదికే పోతుంది. కానీ మొదటి మిషన్‌లో పోరాటం పది నిమిషాలైతే, పోయి రావడానికి ఇరవై నిమిషాలు. మొత్తం అరగంట. అంటే గంటకు 20 లక్షలు. రెండోదాంట్లో పోరాటం పన్నెండు నిమిషాలు, ప్రయాణం మూడే నిమిషాలు. పావుగంటలో తేలిపోతుంది. గంటకు 24 లక్షలు. చిన్న బహుమతే పెద్ద సంపాదన అయింది. ఇంకో సంగతి కూడా కలపాలి. మొదటి మిషన్ ప్రమాదకరమైన దారిలో ఉండి, యాభైసార్లకు ఒకసారి రెండు కోట్ల ఓడ పేలిపోతుందంటే, ప్రతి మిషన్ నెత్తినా నాలుగు లక్షల నష్టం పడ్డట్టే. 10 లక్షల్లో మిగిలేది 6 లక్షలు, గంటకు 12 లక్షలు. అనుభవం ఉన్న ఆటగాళ్లు ఈ లెక్కను కాగితం లేకుండానే వేసేస్తారు. ఆట తయారుచేసినవాళ్లు ఇంతే లోతుగా వేయకపోతే బోల్తా పడతారు.

అన్నిటికన్నా తరచుగా లెక్కలోంచి జారిపోయేది ప్రయాణం. దీనికి ఎలీట్ డేంజరస్‌లో హటన్ ఆర్బిటల్ అనే స్టేషన్‌ను మించిన ఉదాహరణ లేదు. అది ఆల్ఫా సెంటారీ వ్యవస్థలో ఉంది. భూమికి పక్కిల్లు లాంటి నక్షత్రం కాబట్టి మ్యాపులో దగ్గరగానే కనిపిస్తుంది. ఆ వ్యవస్థలోకి ఒక్క గెంతులో చేరుకోవచ్చు. కానీ దిగిన నక్షత్రం నుంచి స్టేషన్ 0.22 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మామూలు ఇంజన్‌తో అయితే ఓడ ముక్కును స్టేషన్ వైపు తిప్పి గంట, గంటన్నర ఊరికే కూర్చోవాలి. శత్రువు లేడు, మలుపు లేదు, చేతికి పని లేదు. దూరం చూసుకోకుండా అక్కడికి సరుకు చేర్చే మిషన్ ఒప్పుకున్న కొత్తవాడు సగం దారిలో గానీ తానేం ఒప్పుకున్నాడో గ్రహించడు. బహుమతి అంకె ఎంత పెద్దదైనా అది గంటన్నరకు ఇచ్చిన కూలి. ఆ ప్రయాణాన్నే వేడుకగా మార్చుకుని, అక్కడిదాకా పోయి రావడాన్ని గొప్పగా చెప్పుకునే ఆటగాళ్ల బృందం ఒకటి తయారైందన్నది నిజమే. కానీ వాళ్లు తెలిసి పోతారు. తెలియక పోయినవాడి గంటన్నరకు ఎవరు జవాబుదారీ? 2024లో ఇలాంటి దూరాలను త్వరగా దాటించే కొత్త ఇంజన్లను ఆటలోకి తెచ్చారు. ఆట వచ్చిన పదేళ్లకు గానీ ఆ ఊరట దొరకలేదు.

పనికి ధర కట్టేటప్పుడు కాలాన్ని, దూరాన్ని, నేల స్వభావాన్ని కలిపి చూడాలన్నది మన రాష్ట్రానికి కొత్త విషయం కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మన సీమలో చాలామంది దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఆ పథకంలో కూలి కట్టేది కొలతను బట్టి. ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తవ్వారు, ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకు పోశారు అన్నవి టేపు పెట్టి కొలుస్తారు. అయితే ఆ రేట్లు ఎలా ఉండాలో చట్టమే ఒక షరతు పెట్టింది. మామూలు మనిషి మామూలుగా రోజు పని చేస్తే పూర్తి రోజు కూలి రావాలి, రేటు అలా నిర్ణయించాలి అంది. 2005లో ఆ రోజంటే ఏడు గంటలు. తర్వాత గంట విరామంతో కలిపి ఎనిమిది గంటలన్నారు. అందుకోసం రాష్ట్రాలు పని-సమయ అధ్యయనాలు చేయాలని చెప్పారు. అంటే మనిషి గడ్డపార పట్టి తవ్వుతుంటే గడియారం చూస్తూ, గట్టి నేలలో గంటకు ఎంత తవ్వగలడు, మెత్తని నేలలో ఎంత తవ్వగలడు అని నమోదు చేయడం. ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, వికలాంగులకు వేరే కొలతలు ఉండాలన్నారు. పని ఊరికి అయిదు కిలోమీటర్ల అవతల ఉంటే కూలి మీద 10 శాతం అదనం. మన దగ్గర వేసవిలో నేల రాయిలా బిగుసుకుంటుంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం దాకా వేసవి భత్యం ఇచ్చిన రోజులున్నాయి.

పథకం అమలులో అన్యాయాలు లేవని కాదు. కొలతలు తక్కువ పడ్డాయని, కూలి సగమే వచ్చిందని మన మండలాల్లో కూలీలు నిలదీయని వేసవి ఉండదు. ఆ కోపంలో కూడా ఈ సూత్రమే ఉంది: మేం రోజంతా చేశాం, మీ రేటు రోజంతటికీ సరిపడా లేదు. జూపాడు బంగ్లా మండలంలో పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ దగ్గర నిలబడి చూస్తే యంత్రాలతో తవ్విన కాలువ కనిపిస్తుంది. దానికి కొద్ది దూరంలోనే మనుషులు చేత్తో తవ్విన కందకాలు, సేద్యపు కుంటలు. మట్టి మట్టే, క్యూబిక్ మీటరు క్యూబిక్ మీటరే. పట్టిన కాలం మాత్రం ఒకటి కాదు.

ఆటల దగ్గరికి మళ్లీ వద్దాం. రేటు కట్టాలంటే ఎవరి కాలాన్ని కొలవాలి అన్నది అసలు చిక్కు. ఈవ్‌లో నాలుగో స్థాయి మిషన్ ఒకటి తీసుకుందాం. కొత్తవాడు నిదానమైన యుద్ధనౌకతో లోపలికి పోయి, ప్రతి శత్రువునూ కూల్చి, చెదిరిన శకలాలను ఏరుకుని గంటకు బయటపడతాడు. పదేళ్ల అనుభవం ఉన్నవాడు మిషన్ పూర్తి కావడానికి ఏ ఒక్క లక్ష్యం చాలో దాన్ని మాత్రమే కొట్టి పది నిమిషాల్లో బయటికొస్తాడు. మిగతా శత్రువుల వంక చూడడు. నచ్చని మిషన్ వస్తే నాలుగు గంటలకు ఒకసారి ఏజెంట్ దగ్గర పరపతి తగ్గకుండా తిరస్కరించే వీలుంది కాబట్టి, త్వరగా అయ్యేవే ఏరుకుంటాడు. ఇప్పుడు ఇద్దరి కాలాన్నీ కలిపి సగటు తీసి బహుమతి కడితే ఏమవుతుంది? వేగంగా చేసేవాళ్లే ఎక్కువసార్లు చేస్తారు కాబట్టి సగటు వాళ్ల వైపు ఒరిగిపోతుంది. బహుమతి తగ్గుతుంది. దెబ్బ తగిలేది గంట తీసుకున్నవాడికి. నా దృష్టిలో ఈ ఆటల్లో జరిగే పొరపాట్లలో ఇది అన్నిటికన్నా అన్యాయమైనది. లోకం మీద కనిపించేది నేర్పరుల వీడియోలు, చప్పుడు చేసేది వాళ్లే. నెలకు నాలుగు సాయంత్రాలు ఆడేవాడు ఫిర్యాదు చేయడు, ఒక రోజు లాగిన్ కావడం మానేస్తాడు, అంతే. మట్టి పనిలో గడియారం పెట్టి కొలిచినప్పుడు ఊళ్లో అందరికన్నా బలమైన కుర్రాణ్ణి కొలతగా తీసుకోరు. ఇక్కడా తీసుకోకూడదు.

ఇక అందరూ ఒకేచోటికి ఎగబడటం. 2015లో ఎలీట్ డేంజరస్‌లో రోబిగో అనే మారుమూల స్థావరం నుంచి దొంగ సరుకు చేరవేసే మిషన్లకు మిగతా ఆటతో పొంతన లేనంత బహుమతులు వచ్చాయి. వార్త పొక్కగానే జనం అక్కడికి బయలుదేరారు. మిషన్ల జాబితాలో మంచివి లేకపోతే ఆటలోంచి బయటికొచ్చి మళ్లీ లాగిన్ అయ్యేవాళ్లు, కొత్త జాబితా వచ్చేది. ఓడ నిండేదాకా లోపలికీ బయటికీ ఇదే పని. అంతరిక్షాన్ని అన్వేషించమని కట్టిన ఆటలో మనుషులు మెనూ తెర ముందు కూర్చున్నారు. కంపెనీ బహుమతులు కోసింది. 2018 చివర్లో గనుల తవ్వకంలో కొత్త పద్ధతి తెస్తే వాయిడ్ ఓపల్ అనే రత్నాల దగ్గర మళ్లీ అదే తంతు. మళ్లీ ధరలు దించారు. ప్రతి కోతకూ గోల లేచింది.

ఆ గోలలో న్యాయం ఉంది. ఆ ఆటలో అనకొండ అనే పెద్ద ఓడ ధర 14 కోట్ల 69 లక్షల క్రెడిట్లకు పైనే. గంటకు 10 లక్షలు వచ్చే దారిలో పోతే అది 147 గంటల కష్టం, రోజుకు రెండు గంటలు ఆడేవాడికి రెండున్నర నెలలు. గంటకు కోటి వచ్చే దారి దొరికితే పదిహేను గంటలు, ఒక వారం. నిన్న వారంలో కొనుక్కున్నవాడి పక్కనే ఈ రోజు రెండున్నర నెలలు పట్టేవాడు నిలబడతాడు. కోత పెట్టడం తప్పని నేననను. కానీ పై దారిని ఒక్కసారిగా నరికి, కింది దారులను ఎండగట్టి వదిలేయడం తప్పు. చాలాసార్లు కంపెనీ ముందు చేయాల్సింది మిగతా మిషన్ల బహుమతి పెంచడం. జనం ఒకే బావికి ఎగబడుతున్నారంటే మిగతా బావుల్లో నీళ్లు లేవని అర్థం.

మరి అన్ని మిషన్లకూ ఉదారంగా ఇచ్చేస్తే పోదా? పోదు. మిషన్ బహుమతి ఇంకో ఆటగాడి జేబులోంచి రాదు, అప్పటికప్పుడు కొత్తగా పుడుతుంది. వేలమంది రోజూ డబ్బు పుట్టిస్తుంటే సరుకుల ధరలు పెరిగి, కొత్తగా చేరినవాడి చేతిలోని ఇస్క్‌కు విలువ లేకుండా పోతుంది. ఈ బెడదను గుర్తించే సీసీపీ 2007లో ఐయోల్ఫుర్ గుడ్మున్స్‌సన్ అనే ఆర్థికవేత్తను నియమించుకుంది. ఒక ఆటకు పూర్తికాలపు ఆర్థికవేత్త అన్నది అప్పట్లో వింత. ఆయన 2014లో వెళ్లి ఐస్‌లాండ్‌లోనే అకురేరి విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యారు. ఎంత ఇస్క్ పుట్టింది, పన్నులు, రుసుముల ద్వారా ఎంత ఇంకిపోయింది అన్న నెలవారీ లెక్కలను ఆ కంపెనీ బయటపెడుతోంది. అందులో ఒక విశేషం చెప్పాలి. యుద్ధంలో ఓడ పేలితే డబ్బు తగ్గిందనుకుంటాం. తగ్గేది ఓడకు వాడిన ఖనిజం. ఇస్క్ అప్పటికే ఓడ అమ్మినవాడి దగ్గర ఉంది, పైగా బీమా రూపంలో ఇంకొంత కొత్త ఇస్క్ పుడుతుంది.

ఈవ్‌లో నాకు అన్నిటికన్నా తెలివైన ఏర్పాటుగా తోచేది లాయల్టీ పాయింట్లు. మిషన్‌కు ఇచ్చే ఈ పాయింట్లు డబ్బు కాదు. ఏ సంస్థ కోసం పని చేశావో ఆ సంస్థ దుకాణంలోనే చెల్లుతాయి. అక్కడ ఒక మంచి ఆయుధమో, ప్రత్యేకమైన ఓడో తీసుకోవాలంటే పాయింట్లతో పాటు కొంత ఇస్క్ కూడా కట్టాలి. ఆ ఇస్క్ ఆటలోంచి శాశ్వతంగా మాయమవుతుంది. తీసుకున్న వస్తువును బజారులో ఇతర ఆటగాళ్లకు అమ్ముకోవచ్చు. ఇప్పుడు అందరూ ఒకే సంస్థ మిషన్లకు ఎగబడ్డారనుకోండి. ఆ సంస్థ వస్తువులు బజారులో కుప్పలు పడతాయి, ధర పడిపోతుంది, పాయింటు విలువ తగ్గుతుంది. ఎవరూ పోని సంస్థ వస్తువులకు ధర పెరుగుతుంది. జనం వాళ్లంతట వాళ్లే అటు జరుగుతారు. కంపెనీ ఏ అంకెనూ కోయనక్కర్లేదు, ఎవరి మీదా కోపం రానక్కర్లేదు. అంతేకాదు, భద్రత తక్కువ ఉన్న చోట పని చేస్తే పాయింట్లు ఎక్కువ. ప్రమాదానికీ ధర కట్టినట్టయింది. 2020 చివర్లో బౌంటీల విషయంలోనూ ఇలాంటి ఆలోచనే చేశారు. ఒక ప్రాంతంలో శత్రువులను అదేపనిగా వేటాడుతుంటే అక్కడ బౌంటీ తగ్గుతూ వస్తుంది, వదిలేస్తే మళ్లీ కోలుకుంటుంది.

ఇంతవరకూ చెప్పింది తెలిసీ తెలియక జరిగే తప్పుల గురించి. కావాలనే కాలాన్ని సాగదీయడం ఇంకో రకం. 2017 నవంబరులో ఈఏ కంపెనీ 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2' తెచ్చినప్పుడు డార్త్ వేడర్, ల్యూక్ స్కైవాకర్ లాంటి పాత్రలను తెరవడానికి 60 వేల క్రెడిట్లు పెట్టింది. ఒక్క పాత్రకు దాదాపు 40 గంటలు పడుతుందని ఒక ఆటగాడు లెక్కగట్టాడు. అదే సమయంలో డబ్బు పెట్టి కొనుక్కునే పెట్టెలతో త్వరగా ముందుకు పోయే దారి పెట్టారు. ఆట కొన్నవాళ్లు భగ్గుమన్నారు. కంపెనీ ఆ ధరను 75 శాతం తగ్గించింది, విడుదలకు ముందు రోజు డబ్బుతో కొనుక్కోవడాన్ని నిలిపేసింది. కానీ ధర తగ్గించినప్పుడే, కథ భాగం పూర్తి చేస్తే ఇచ్చే క్రెడిట్లను కూడా తగ్గించారన్న సంగతి మరవకూడదు. గంటను కొలిచేవాడే, ఆ గంటను తప్పించుకునే టికెట్టు కూడా అమ్ముతుంటే ఆ కొలతను నమ్మలేం.

పైగా గంట విలువ అందరికీ ఒకటి కాదు. ఈవ్ నెల చందా అమెరికా ధరలో 2022 నుంచి 20 డాలర్లకు ఒక సెంటు తక్కువ. అయితే ప్లెక్స్ అనే వస్తువును ఆటలోని ఇస్క్‌తో కొని కూడా చందా కట్టవచ్చు. అందుకు 40 గంటల మిషన్లు చేయాల్సి వచ్చిందనుకుందాం. గంటకు అర డాలరు గిట్టినట్టు. రేక్యావిక్‌లో ఆ రేటుకు ఎవరూ కుర్చీలోంచి లేవరు. మన దగ్గర అర డాలరంటే నలభై రూపాయలు దాటుతుంది. 2025-26లో ఆంధ్రప్రదేశ్ ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు, ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38. నడి ఎండలో గడ్డపార పట్టిన గంట కంటే తెర ముందు గంటకు ఎక్కువ పలికిందన్నమాట. ఆట కట్టినవాడి ఊహకు ఇది అందదు. గడియారాల తేడా కూడా అంతే. ఈవ్ సర్వర్ రోజూ కాసేపు ఆగే సమయం మనకు సాయంత్రం నాలుగున్నర. గడువు పెట్టిన మిషన్‌లో గడియారం మనం బయటికొచ్చినా నడుస్తూనే ఉంటుంది. కరెంటు పోయినా, అమ్మ పిలిచినా, పొలం దగ్గర మోటారు వేసి రావాల్సి వచ్చినా బోనస్ పోతుంది. ఇంటి బాధ్యతలున్న మనిషి ఆడతాడన్న స్పృహ ఉంటే గడువులను ఆడిన సమయంతోనే లెక్కపెట్టేవాళ్లు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించింది. చందా కట్టి ఆడే ఇలాంటి ఆటలు ఆ కోవలోకి రావు. పందెం లేదు కాబట్టి పోయేదేమీ లేదనుకోవద్దు. 2014 జనవరిలో ఈవ్‌లో ఒక్క యుద్ధంలో టైటన్లు అనే భారీ ఓడలు 75 పేలినప్పుడు, నష్టం మూడు లక్షల డాలర్లకు పైమాటేనని పత్రికలు రాశాయి. ఆ లోహమంతా ఎవరో ఒకరు తెర ముందు కూర్చుని పోగేసిన గంటలే.

హైదరాబాదులోనో, విశాఖలోనో కూర్చుని రేపటి ఆటలు కట్టబోయే మన పిల్లలను నేను కోరేది ఇది. మిషన్ పక్కన బహుమతి అంకె ఒక్కటే రాయకండి. ప్రయాణంతో సహా మామూలు ఆటగాడికి ఎంతసేపు పడుతుందో కూడా రాయండి. ఆ 'మామూలు' కోసం వారానికి రెండు సాయంత్రాలు ఆడేవాణ్ణి కొలవండి. బహుమతి తగ్గించాల్సి వస్తే ముందుగా చెప్పి తగ్గించండి. ఆడేవాళ్లకు, వాళ్ల అమ్మానాన్నలకు కూడా ఒక మాట. ఈ రాత్రి మిషన్ ఒప్పుకునే ముందు, వచ్చే మొత్తాన్ని పట్టే నిమిషాలతో భాగించి చూడండి. పిల్లవాణ్ణి 'ఎంతసేపు ఆడావు' అని గద్దించడం కంటే 'ఆ ఓడ ఎన్ని గంటలకు వస్తుంది, అన్ని గంటలు దానికి ఇవ్వాలని ఉందా' అని అడగండి. జవాబు అవునైతే ఆడనివ్వండి. చాలాసార్లు ఆ లెక్క వేసిన పిల్లవాడే కంప్యూటర్ కట్టేస్తాడు.